పచ్చగీతల కంప్యూటరు, మా సారు

మా ఫిజిక్స్ సారు పోయారని నంద్యాల నుంచి పాత స్నేహితురాలు ఫోన్ చేసింది. నేనప్పుడు ఆళ్లగడ్డలో మా అన్న ఇంట్లో ఉన్నాను. బస్సెక్కి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. తర్వాతి ఆదివారం పాత విద్యార్థులం సంతాప సభ పెట్టుకున్నాం. లేచినవాళ్ళంతా ఒకటే మాట అన్నారు, సారు తన జన్మలో ఎవరినీ నొప్పించి ఎరగరని. నా వంతు వచ్చింది. నేనూ అదే మాట చెప్పి, దండం పెట్టి కూర్చున్నాను.

అది అబద్ధం. సారు నొప్పించారు. నొప్పించింది నన్నే. ఆయన దాచుకోని సంగతిని ఆయన పోగానే నేను దాచేశాను. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నాను.

మేము డిగ్రీ చదివే రోజుల్లో, దూరాన ఏదో నగరంలో ఒక పరిశోధనశాల తన పాత కంప్యూటరును వదిలించుకుంటోందని విని, సారు వాళ్ళ చుట్టూ తిరిగి దాన్ని నంద్యాలలో మా కాలేజీకి తెచ్చారు. లారీలో వచ్చింది. రెండు బీరువాలంత ఉండేది. ల్యాబుల్లో కొలతలు తీసుకోవడానికే చేసిన యంత్రం. ముందువైపు వరుసగా స్విచ్చులు, రేడియోకు ఉన్నట్టు తిప్పే నాబులు, చిన్న తెర, అరచేతిలో పట్టే టేపు చుట్టలు. ఛాతీకి తీగలు తగిలిస్తే గుండె కొట్టుకోవడం తెర మీద పచ్చగీతగా ఎగిరెగిరి పడేది. వెలుగోడు నుంచి, అవుకు నుంచి వచ్చిన పిల్లలం, నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళం. “చూస్తే రాదు, ముట్టుకోండి” అనేవారు సారు.

మాది ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే ఇల్లు. యంత్రం నాకు తొందరగా పట్టుబడింది. దాన్ని లేపాలంటే మొదట దాన్ని నడిపే ఆదేశాలున్న టేపు ఎక్కించాలి. ఆ పని సారు నాకే అప్పగించారు.

పక్క ఊళ్ళ కాలేజీల నుంచి లెక్చరర్లు చూడటానికి వచ్చిన రోజున అది లేవలేదు. టేపు తిరిగింది, తెర మాత్రం నల్లగానే ఉంది. సారు చెమటలు తుడుచుకుంటూ చాలాసేపు తంటాలు పడ్డారు. టేపు మీద ఉండాల్సింది చెరిగిపోయి, దాని మీద ఇంకేదో రాసి ఉందని తేలింది. ఆయన నా వైపు తిరిగారు.

“నిన్న దీన్ని ముట్టుకునింది నువ్వే గదా? రాళ్ళు కొట్టే చేతులకు ఇట్లాంటిది ఇస్తే ఇంతే అయితాది.”

వెనక ఎవరో నవ్వారు. నేను చేతులు ఓణీలో దాచుకున్నాను. ఆ సాయంత్రమే ఆళ్లగడ్డ బస్సెక్కి, ఇంక కాలేజీకి పోనని ఇంట్లో చెప్పేశాను.

కొన్నాళ్ళకు సారు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. నాయన పందిరి కింద పనిలో ఉన్నాడు. తల ఎత్తలేదు.

“తప్పు నాదప్పా,” అన్నారు సారు నిలబడే. “ఆ టేపులో ఏముందో ఇప్పటికి బయటికి తీసినా. అది నా గుండె చప్పుడే. ముందురోజు పాప ఇంటికి పోయినాక, నేనే తీగలు తగిలించుకొని చూసుకున్నా. టేపు మార్చడం మరిచిపోయి దాని మీదే రాసేసినా. చెడగొట్టింది నేను, మాట పడింది పాప.”

నాయన ఉలి కింద పెట్టాడు. “టేపుల సంగతి నాకు తెలీదు సార్. మా చేతుల్ని ఏల అన్నారు?”

సారు, నోరు జారింది అంటారేమో అనుకున్నాను. అనలేదు.

“లోపల ఉన్నిందే బయటికొచ్చిందప్పా. ఉన్నెట్టు నాకే తెలీదు.”

“ఈడ నాకు చెప్తే ఏం లాభం సార్? అనింది నలుగురి ముందర. ఆడ చెప్పండి.”

సారు చెప్పారు. నన్ను కాలేజీకి పిలిపించి, ఆ రోజు వచ్చిన లెక్చరర్లను కూడా మళ్ళీ రప్పించి, అందరి ముందూ నిలబడి, నన్నన్న మాటను ఒక్క అక్షరం తగ్గించకుండా మళ్ళీ పలికారు. ఏమన్నామో చెప్పకుండా క్షమించమంటే ఎవరికీ ఏమీ అర్థం కాదన్నారు. తప్పు నాది కాకపోయినా నాకు నేలలోకి దిగిపోవాలనిపించింది. నవ్వినవాళ్ళు ఆ రోజు ఎవరి ముఖమూ చూడలేదు. తర్వాత ఆయన బాగుచేసిన టేపు నా చేతికిచ్చి, “లేపమ్మా” అన్నారు.

యంత్రం మరికొన్నేళ్ళు పనిచేసింది. తర్వాత విడిభాగాలు దొరక్క పాత ఇనుముకు పోయింది. సారు పెద్దగా బాధపడలేదు. దాని పని అది చేసిందిలే అన్నారు. నేను నంద్యాలలోనే పాఠాలు చెప్పుకుంటూ స్థిరపడ్డాను.

సభ అయిన మర్నాడు సారు భార్యను చూడటానికి వెళ్ళాను. మాటల్లో ఆమె అంది: “ప్రతి ఏడూ కొత్త పిల్లలకు మొదటి రోజే నీ సంగతి చెప్పేవాడు పాపా. పేరు చెప్పేవాడు కాదులే, తనన్న మాట మాత్రం చెప్పేవాడు. పరువు పోతాది, చెప్పొద్దండీ అంటే వింటే గదా. పోనీలే, ఆ పరువుంటేనే మళ్ళీ నోరు లేస్తాది అనేవాడు.”

అంటే సభలో మాట్లాడినవాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలుసు. తెలిసే, గౌరవం అనుకుని, ఆయన జీవితమంతా మోసుకు తిరిగినదాన్ని అందరం కలిసి తుడిచేశాం. ఆయనకు ఉన్నపాటి ధైర్యం మాలో ఒక్కరికీ లేకపోయింది.

పోయిన చలికాలంలో సారు చివరిసారి నాతో పాటు ఆళ్లగడ్డ వచ్చారు. నాయన అప్పటికే పోయాడు. అన్న మిషనుతో ఒక అమ్మవారి విగ్రహం ముఖానికి మెరుగు పెడుతున్నాడు. సారు కుర్చీ వద్దని పక్కనే చాప మీద కూర్చున్నారు. మిషను తిరిగినప్పుడల్లా తెల్లటి దుమ్ము లేచి ఆయన తల మీద, కళ్ళజోడు మీద పడుతోంది. తుడవబోతే నా చేతిని మెల్లగా పక్కకు జరిపారు.

“ఉండనీలేమ్మా. ఆ చేతులు చేసే పని కనపడతాండాది.”

అద్దాలు పూర్తిగా తెల్లబడిపోయాయి. ఆయన తల తిప్పకుండా అమ్మవారి ముఖం వైపే చూస్తూ కూర్చున్నారు.