లోర్నా కట్టిన ముడి

కంగాస్ వేటవిళ్ళ షాపులో విల్లు సరిచేయించుకున్న ఏ మగాణ్ణి అడిగినా డ్వేన్ పేరే చెబుతాడు. డ్వేన్ చేతిలో ఏదో మహత్తు ఉందంటాడు. ఆ చేతులు ఇరవై రెండేళ్ళుగా కాఫీ పోయడం, బాణాల పెట్టెలు అందించడం, వచ్చినవాళ్ళ వీపు తట్టడం తప్ప ఇంకో పని ఎరగవని మాత్రం ఎవడూ అనడు. విళ్ళ పనంతా వెనక గదిలో అతని అక్క లోర్నా చేస్తుంది. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా!

నిజం చెప్పాలంటే ఈ అన్యాయం డ్వేన్‌తో మొదలవలేదు. వాళ్ళ నాన్న పని ఇద్దరికీ నేర్పాడు. పన్నెండేళ్ళ లోర్నా మైనం దారంతో మొదటి ముడి వేసినప్పుడు ఆయన భూతద్దం పెట్టి చూసి, "ఇవి నా వేళ్ళేనే తల్లీ" అని మురిసిపోయాడు. బోర్డు రాయించే రోజు మాత్రం 'కంగాస్ అండ్ సన్' అని రాయించాడు. ఇదేమిటి నాన్నా అంటే, "ఆడపిల్ల పేరు చూస్తే వేటగాళ్ళు గుమ్మం తొక్కరే" అన్నాడు. ఆయన పోయాక ఆ బోర్డుకి రెండుసార్లు కొత్త రంగు వేశారు. రెండుసార్లూ పాత అక్షరాల మీదే వేశారు. నిచ్చెన పట్టుకుని నిలబడింది లోర్నాయే.

మిగతా పనులకి విల్లు ఒక్కటి ఉంటే చాలు, మనిషితో పనిలేదు. పీప్ బిగించడానికి అలా కుదరదు. పీప్ అంటే బఠాణీ గింజంత రింగు. వింటినారి పోగుల్ని సగానికి విడదీసి మధ్యలో దాన్ని ఇరికిస్తారు. నారి లాగినప్పుడు ఆ బెజ్జం సరిగ్గా కంటిపాప ముందుకి రావాలి. ఒకడి కంటికి సరిపోయింది ఇంకొకడికి సరిపోదు. అందుకని ఆ ఒక్క పనికి వేటగాడు వెనక గదిలోకి రావలసిందే. అతనితోబాటు డ్వేన్ కూడా వచ్చి చేతులు కట్టుకుని, "ఆఁ, ఇంకొంచెం పైకి" అంటూ ఉంటాడు. అద్దాలు పెట్టుకుని కొలిచేదీ, కట్టేదీ ఆవిడే అయినా, ఆవిడ సాయం పట్టే మనిషనే అందరి లెక్క.

"కళ్ళు మూసుకో" అంటుంది లోర్నా. "లాగు. చెయ్యి దవడ కింద ఆననీ. ముక్కు కొస నారికి తగిలిందా? ఇప్పుడు తెరువు. తల కదల్చకు. నువ్వు బెజ్జాన్ని వెతుక్కుంటూ పోకూడదు, అదే నీ కంటి దగ్గరికి రావాలి."

తెరిచిన కంటికి బెజ్జం, ఆ బెజ్జంలో విల్లుకి బిగించిన గుండ్రటి గురి చట్రం ఒకదానిలో ఒకటి కుదిరేదాకా రింగుని వెంట్రుకవాసి పైకీ కిందికీ జరుపుతుంది. కుదిరాక నారి మీద వెండి సిరాతో చుక్క పెడుతుంది. రింగుకి పైన ఎనిమిది చుట్లు, కింద ఎనిమిది చుట్లు నల్లదారం చుట్టి, కొసని అగ్గిపుల్లతో కాల్చి ఎడమపక్కకి పూసలా అదుముతుంది. ఊళ్ళో ఎవడి దవడ పొడుగో, ఎవడు పళ్ళు పీకించుకున్నాడో, ఎవడికి ఈ ఏడు బుగ్గలు జారాయో ఆవిడకి కంఠోపాఠం. అదే మగవాళ్ళు ఆదివారం చర్చి మెట్ల మీద ఎదురుపడితే ఆవిడకి టోపీ కూడా ఎత్తరు.

అక్టోబరు నడిమధ్యన ఒక శనివారం పొద్దున వెండెల్ టర్వో తలుపు తోసుకుని వచ్చాడు. రంపపు మిల్లులో మేస్త్రీ. మిల్లులో అరిచి అరిచి మామూలుగా మాట్లాడ్డం మరిచిపోయిన మనిషి. కౌంటర్ దగ్గర అప్పటికే నలుగురు మాంసం కూరిన పాస్టీలు తింటూ కాఫీ తాగుతున్నారు. వెండెల్ తన విల్లుని కౌంటర్ మీద పడేశాడు.

"ఏమయ్యా డ్వేన్, ఏం కట్టారయ్యా ఇది? కొమ్ములకి పది కొనలున్న దుప్పి! ఇరవై గజాలు లేదు, పక్కకి తిరిగి బొమ్మలా నిలబడింది. నా బాణం ఎక్కడ తగిలిందో తెలుసా? కడుపులో! రెండు రోజులు నెత్తురు చుక్కలు చూసుకుంటూ తిరిగా. మూడోనాడు వాగు పక్కన దొరికింది. అప్పటికే కాకులు సగం తినేశాయి."

వెనక గదిలో లోర్నా చేతిలో పని ఆగిపోయింది. కడుపులో బాణంతో ఆ జంతువు రెండు రోజులు నడిచిందా అనుకుంది.

"నువ్వే కిందికి దించమన్నావు కదా వెండెల్" అన్నాడు డ్వేన్ మెల్లగా.

"అన్నా. గుడారంలో కూచుని కొట్టాలి, కాస్త దించండని ఫోన్‌లో చెప్పి, విల్లు ఇక్కడ పెట్టి వెళ్ళా. దించమంటే దింపుడుకళ్ళం దాకా దించమన్నానా?"

నలుగురూ నవ్వారు. డ్వేన్ చెవులు ఎర్రబడ్డాయి. అతను వెనక గది తలుపు వైపు ఒకసారి చూసి, "అదీ... ఆ పని అక్క చేసింది. నేను కౌంటర్ దగ్గరే ఉన్నా, చూసుకోలా" అన్నాడు.

ఇరవై రెండేళ్ళుగా సరిగ్గా కుదిరిన ప్రతి విల్లూ డ్వేన్‌ది. కుదరని మొట్టమొదటి విల్లు ఒక్క మాటతో లోర్నాది అయిపోయింది.

"అదీ సంగతి!" అన్నాడు వెండెల్. "ఆడవాళ్ళ చేతికిస్తే ఇంతే మరి. స్వెట్టరనుకుందేమో!"

ఈసారి నవ్వు ఇంకా గట్టిగా వచ్చింది. లోర్నా చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. ఎవరి మొహమూ చూడలేదు. విల్లు ఎత్తి వెలుతురుకి పెట్టింది. ముడి ఉండలు కట్టి ఉంది. జారకుండా పైన రెండు చుక్కల జిగురు కూడా పోశారు. ఆవిడ పెట్టిన వెండి చుక్క అర అంగుళం పైన ఒంటరిగా కనబడుతోంది. చిన్నప్పుడు డ్వేన్‌కి నాన్న చేత మొట్టికాయలు తినిపించిన ముడి అది. చూడగానే ఎవరిదో తెలిసిపోయింది.

"విల్లు ఏ రోజు ఇచ్చావు వెండెల్?"

"గురువారం. సీజను మొదలయ్యే ముందు వారం."

"గురువారం నేను పళ్ళ డాక్టరు దగ్గర దవడపన్ను పీకించుకుంటున్నా. నేనుంటే నువ్వు లేకుండా పీప్ ముట్టుకోను. ఎవరి మొహమూ చూడకుండా నేను ఇంతవరకూ ఏ పీపూ కట్టలేదు. కూచునే కొడతావా? అయితే ఆ స్టూలు మీద కూచో. కళ్ళు మూసుకో."

ఆ గొంతులో ఏముందో గాని వెండెల్ కూచున్నాడు. లాగాడు. చెయ్యి దవడకి ఆనింది.

"తెరువు. ఏం కనబడుతోంది?"

వెండెల్ మెడ వంచి వెతికాడు. "నారి" అన్నాడు చివరికి. "ఒట్టి నారి. తల వంచితే గాని బెజ్జం దొరకట్లా."

"ఆ వంచిన తలతోనే దుప్పిని కొట్టావు."

షాపులో ఎవరూ కాఫీ తాగలేదు. డ్వేన్ కౌంటర్ మీద లేని దుమ్ముని గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. ముడి వెయ్యడం నేర్చుకున్న నలభై ఏళ్ళలో మొదటిసారి పది చెవులు లోర్నా మాట విన్నాయి. ఇప్పుడు ఎవడో ఒకడు నోరు తెరిచి, అయితే ఇన్నాళ్ళూ కట్టింది నువ్వా అని అడుగుతాడనుకుంది. ఆ ఒక్క ప్రశ్న కోసం ఆవిడ నిజంగానే ఎదురుచూసింది.

వెండెల్ విల్లు దించి లేచాడు. డ్వేన్ భుజం మీద చరిచాడు.

"పోన్లే డ్వేన్, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. పని ఒత్తిడిలో చూసుకుని ఉండవు. ఈసారి నువ్వే దగ్గరుండి శ్రద్ధగా కట్టు. నీ పనితనం మాకు తెలీదా?"

విల్లుని లోర్నాకి కాకుండా డ్వేన్ చేతిలో పెట్టాడు.

ఆడది చేస్తే చేతకానితనం, మగాడు చేస్తే పని ఒత్తిడి. లోర్నాకి ఒళ్ళు మండిపోయింది. తిరిగి వెనక గదిలోకి వెళ్ళిపోయింది. కాసేపటికి డ్వేన్ విల్లు పట్టుకుని వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"అందరి ముందూ నా పరువు తీశావక్కా."

"నీ పరువు వాగు పక్కన కాకులు తిన్నాయిరా."

"అలా అంటావేం? షాపు పేరు పోతే ఇద్దరికీ నష్టమే కదా. ఇది మనిద్దరిదీ."

"బోర్డు మీద నేనెక్కడున్నానో చూపించు."

డ్వేన్ విల్లు బల్ల మీద పెట్టి గోడకి ఆనుకున్నాడు. "కట్టవే అక్కా. నా వల్ల కాదని నీకూ తెలుసు."

కట్టనని చెప్పేద్దామనే అనుకుంది. వాడినే కట్టనీ, ఆ మిల్లు మేస్త్రీ ఇంకో సీజను నారి చూసుకుంటూ కూచోనీ అనుకుంది. కాని ఆ నారి అవతల ఇంకో దుప్పి వచ్చి నిలబడుతుంది. దానికి కంగాసులతోనూ టర్వోలతోనూ పేచీ ఏమీ లేదు. లోర్నా పాత ముడి కోసి పారేసింది. వెండెల్‌ని పిలిపించి, స్టూలు మీద కూచోబెట్టి, కళ్ళు మూయించి, తెరిపించింది. డ్వేన్ అలవాటు కొద్దీ, "ఆఁ, ఇంకొంచెం పైకి" అన్నాడు.

కట్టేటప్పుడు మాత్రం నల్లదారం తియ్యలేదు. సొరుగు అడుగున ఎప్పటినించో ఎవరూ కొనని ఎర్రదారం ఉండ ఉంది. పైన ఎనిమిది చుట్లు, కింద ఎనిమిది. వెండెల్ బయటికి వెళ్ళాక డ్వేన్ అడిగాడు. "ఎర్రది ఎందుకక్కా?"

"ఇకనించి నేను కట్టినవన్నీ ఎర్రగానే ఉంటాయి. నువ్వు కట్టేవి నల్లదారంతో కట్టుకో. ఎవరి పని ఏదో చూసినవాడికి తెలుస్తుంది."

డ్వేన్ మళ్ళీ ఒక్క ముడి కూడా వెయ్యలేదు. ఏడాది తిరిగేసరికి ఆ చుట్టుపక్కల అడవుల్లో తిరిగే ప్రతి విల్లు మీదా ఎర్ర ముడే. నల్లవి లేనప్పుడు ఎర్రవి ఎవరివో అడిగేవాడెవడు? లోర్నాకి ఆ సంగతి తట్టలేదు, తట్టేసరికి ఆలస్యమైపోయింది.

మరుసటేడు సెప్టెంబరులో సరస్సు అవతలి ఊరినించి ఒకతను రెండు గంటలు కారు నడుపుకుంటూ వచ్చాడు. వెనక గదిలో పని చేసుకుంటున్న లోర్నాకి అతని మాట స్పష్టంగా వినబడింది.

"మా వైపు అంతా ఒకటే పొగడ్త సార్, డ్వేన్ ఎర్ర ముడి అని. అది వేయించుకుందామనే ఇంత దూరం వచ్చా. ఆ ఎర్రదారం మీ సొంత పద్ధతా?"

డ్వేన్ ఒక్క క్షణం అతని విల్లుని ఎత్తి చూశాడు. ఆ ఒక్క క్షణమూ లోర్నా దారం ఉండ పట్టుకుని నిలబడింది.

"ఆఁ, ఏదో అలా అలవాటైంది" అన్నాడు డ్వేన్ నవ్వుతూ. తర్వాత వెనక గది వైపు తిరిగి కేకేశాడు. "అక్కా, నా ఎర్రదారం సిద్ధంగా పెట్టు."