పై అరలో టోపీ

తుఫాను వెళ్ళిన మర్నాడే మిస్ ఒడీల్ బకెట్టు, బ్లీచు పట్టుకుంది. మా హూమా ఊరి ఆడవాళ్ళ తీరే అంత. కప్పు ఎగిరిపోయినా సరే, గుమ్మం తొక్కినవాడికి మురికి కనపడకూడదు. పెళ్ళయినా సరే, పెద్దావిడని మా ఊళ్ళో అందరూ మిస్ అనే పిలుస్తారు. సాయం పట్టినవాళ్ళలో పక్కింటిదాన్ని నేనూ ఉన్నాను. తడిసిన పరుపులు, సోఫాలు, ఉబ్బిన గోడపలకలు అన్నీ రోడ్డు పక్కన పడేస్తే లారీ ఎత్తుకుపోయింది. అది తెలివితక్కువ పని అని మాలో ఒక్కరికీ తోచలేదు.

మూడు వారాలకు బీమా కంపెనీ మనిషి వచ్చాడు. మెరుస్తున్న నేల చూసి, "కప్పు మీద నాలుగు పెంకులు లేచాయి, అంతే. లోపలికొచ్చింది కాలువ నీళ్ళు. వరదకి మీ పాలసీ వర్తించదు" అని చెప్పి వెళ్ళిపోయాడు. వాన నీళ్ళు కప్పులోంచే దిగాయని ఆమె ఫోన్లో మొత్తుకుంది. వినే నాథుడు లేడు. డెబ్బై రెండేళ్ళ మనిషి కప్పు మీద పరిచిన నీలం టార్పాలిన్ కింద ఏడు నెలలు గడిపింది. క్లెయిము రాకపోతే ఇల్లు వదిలిపోవడమే.

చివరికి నేనే డెల్మర్ గిడ్రీని మాట్లాడాను. అతనూ బీమా నష్టాలు లెక్కకట్టే అడ్జస్టరే, కాకపోతే కంపెనీ మనిషి కాదు. ఇంటివాళ్ళ తరఫున నష్టం అంచనా కట్టి కంపెనీతో వాదిస్తాడు. ఇల్లంతా తిరిగి తల పట్టుకున్నాడు.

"ఏం చూపించను మిస్ ఒడీల్? సాక్ష్యమంతా మీరే కడిగేశారు!"

"ఆ కంపులో కూర్చుని నీ కోసం ఎదురుచూడాలా నాయనా?"

"కడగని చోటు ఒక్కటైనా లేదా?"

ఉందని నాకు తెలుసు. రెండేళ్ళ కిందట పోయిన భర్త క్లోవిస్ బట్టల అలమర. ఆయన పోయాక అది తెరవలేదు. మేం కడిగిన రోజున కూడా దాని జోలికి రానివ్వలేదు.

"అది తియ్యను వెర్నా," అంది నేను అటు చూడగానే.

"ఇల్లే పోతే అలమర ఎక్కడుంటుంది?" అని కసిరాను. నేనూ విసిగిపోయి ఉన్నాను.

ఆమే తీసింది. పై అరలో ఆయన టోపీ కుళ్ళి నల్లబడింది. చొక్కాల భుజాల మీద బూజు. కింద నేల మీదున్న బూట్ల అట్టపెట్టె మాత్రం మెత్తబడను కూడా లేదు.

డెల్మర్ ఆ రోజు మొదటిసారి నవ్వాడు. "కాలువ నీళ్ళు బూట్లని వదిలేసి టోపీ ఎక్కుతాయా? కంపెనీవాడు చూసేదాకా దేన్నీ ముట్టుకోకండి. తలుపు కూడా తెరిచే ఉంచండి, గాలి తగలాలి."

కంపెనీవాడు రావడానికి ఐదు వారాలు పట్టింది. అన్నాళ్ళూ ఆమె ఆ అలమర ఎదురుగానే కాఫీ తాగింది. అతను వచ్చాడు, చూశాడు, ఈసారి కాదనలేకపోయాడు. ఇల్లు నిలిచింది.

ఆ సాయంత్రం బకెట్టు పట్టుకుని వెళ్ళాను. "ఇక కడగొచ్చు మిస్ ఒడీల్."

"నువ్వు కడుగు. తలుపు మూసి ఉన్నన్నాళ్ళూ లోపల ఆయన వాసన ఉందనుకున్నానే. బూజు వాసన తప్ప ఏం లేదు."

నేను కడిగాను. తన ఇంట్లో ఇంకొకరు కడుగుతుంటే మిస్ ఒడీల్ ఊరికే కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి.