మిల్లు గేటు వెనక పద్నాలుగు తలుపులు

వేములపల్లి అంగన్‌వాడీలో కృప టీచరయి పదకొండేళ్ళు. ఏటా ఇంటింటి సర్వే ఆమే రాసేది. రైస్‌మిల్లు గేటు దగ్గరికి వచ్చేసరికి ఒకటే ఇంటి నంబరు, దాని పక్కన మిల్లు యజమాని సేఠు పేరు, పిల్లల గడిలో సున్నా. సేఠు ఉండేది మిర్యాలగూడలో. రాసిందాంట్లో అబద్ధమేమీ లేదు.

ఆ జూన్‌లో ప్రైవేటు స్కూలు వ్యాను వచ్చి నర్సరీ ఈడు పిల్లలను ఎత్తుకుపోయాక సెంటరులో ఏడుగురు మిగిలారు. అందరూ కాలనీ కూలివాళ్ళ పిల్లలే. సూపర్‌వైజర్ సుమతి నెల గడువిచ్చింది. పదిహేను మంది లేకపోతే సెంటరును హైవే అవతలి దాంట్లో కలిపేస్తారు. అప్పుడు లారీలు తిరిగే ఆ రోడ్డును మూడేళ్ళ పిల్లలు రోజూ దాటాలి. కృప ఎన్ని గడపలు తొక్కినా వ్యాను దిగి వచ్చినవాళ్ళు లేరు.

ఒకనాడు ఆయా బాలనర్సమ్మ ఊక కోసం మిల్లుకు పోయి వచ్చి, పప్పు కలుపుతూ అంది. "టీచరమ్మా, గేటెనక బీహారోళ్ళ రూములు పద్నాలుగున్నయ్. పోరగాండ్లు ఊక కుప్పల మీద పొర్లుతున్రు. నీ బుక్కుల ఉన్నరా ఆళ్ళు?"

కృప సర్వే బుక్కు తీసింది. మిల్లు దగ్గర సున్నానే ఉంది.

ఆ సాయంత్రమే సుద్దముక్కతో పోయి పద్నాలుగు తలుపుల మీదా సర్వే నంబర్లు వేసింది. తెల్లారి చూస్తే ఒక్కటీ లేదు. రూములు ఖాళీ చేయిస్తారనుకుని ఆడవాళ్ళు తుడిచేశారు.

బాలనర్సమ్మ నవ్వింది. "నంబరేస్తే ఎవలు నమ్ముతరమ్మా? పేరడుగు."

ఈసారి కృప తనకొచ్చిన నాలుగు ముక్కల హిందీలో ప్రతి తల్లినీ బిడ్డ పేరడిగి, తలుపు మీద అదే రాసి, చదివి వినిపించింది. మొదటి తలుపు మీద చాందిని. పేర్లను ఎవరూ తుడవలేదు. సోమవారం ఇద్దరొచ్చారు. సెంటరులో రోజూ గుడ్డు పెడతారని తెలిశాక, వారం తిరిగేసరికి పన్నెండు మంది.

గడువు రోజున సుమతి ఫోనుతో ఒక్కొక్క ముఖం ఫొటో తీసి లెక్కపెట్టింది. పంతొమ్మిది.

"లెక్క కోసం ఏ ఊరి నుంచి తోలుకొచ్చినవ్ కృపా?"

"మిల్లు పిల్లలు ఎప్పటి సందో గీడనే ఉన్నరు మేడం. రాయంది నేనే."

సుమతి ఇంకేమీ అడగకుండా రిజిస్టరు తీసి పేర్లు పిలిచింది. చాందిని అనగానే, మూడు వారాల కిందట తెలుగు ముక్క రాని పిల్ల, పక్కనున్న కాలనీ పోరణ్ణి మోచేత్తో జరిపి మరీ లేచి నిలబడింది.

"ఉన్న టీచర్."

సెంటరు కలిపే కాగితాన్ని సుమతి అడ్డంగా కొట్టేసి, సెంటరు ఇక్కడే ఉంటుందని చెప్పింది. ఆ మాట వినడానికి బాలనర్సమ్మ లేదు. పప్పు గిన్నె చాలడం లేదని, పెద్దది తేవడానికి అప్పటికే ఇంటికి పోయింది.