డయోడు దలాలీ

నిన్న కొరియర్‌లో వచ్చిన పొట్లం విప్పితే అడిగినన్ని డయోడ్లే ఉన్నాయి, కొసరుగా ఒక్కటీ లేదు. ఎవరితో పోట్లాడాలో తెలియక ఆ ఖాళీ కవరునే కాసేపు దులిపాను. మోండా మార్కెట్లో ఉల్లిగడ్డల దుకాణంలో పెరిగినవాణ్ణి, బేరమాడకుండా ఏదైనా కొంటే నాకు ఇప్పటికీ అన్నం సయించదు.

మా బావకు, అంటే అక్క మొగుడికి, గిటారు పిచ్చి. సీతాఫల్‌మండిలో వాళ్ల చర్చిలో క్రిస్మస్ పాటకు తన గిటారు బర్రుమని మోగాలని ముచ్చటపడితే, అప్పుడప్పుడే రేడియోలు విప్పడం నేర్చిన నేను గిటారు మోతను మార్చే పెడల్ ఒకటి బిస్కెట్ల డబ్బాలో కట్టాను. దాని ప్రాణమంతా బఠానీ గింజంత పాత ట్రాన్సిస్టర్‌లో ఉంది. అలాంటిది ఇంకోటి ఊరంతా గాలించినా దొరకలేదు. బావేమో ఎన్నిసార్లు మొత్తుకున్నా ఏ ప్లగ్గయినా తిరగేసే పెడతాడు. కరెంటు ఉల్టా వెళ్లిందా, ట్రాన్సిస్టర్ బూడిదే. కాపలాకు, కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడు ఒకటి కావలసివచ్చింది.

స్పేర్‌పార్టుల దుకాణదారు రెండు పద్ధతులు చెప్పాడు. డయోడును కరెంటు దారిలోనే కూర్చోబెడితే ఉల్టా కరెంటును లోపలికే రానివ్వదు గాని, మంచి కరెంటులోనూ కాస్త వోల్టేజి తాను తింటుంది. అడ్డంగా కడితే ఏమీ తినదు, ఉల్టా వచ్చినప్పుడు మాత్రం అంతా తన మీదికి లాక్కుంటుంది. మొదటిది అచ్చం దలాలీయే! నాన్న జన్మంతా తిట్టిన దలాలీని నా డబ్బాలో నేనే కూర్చోబెట్టుకోవాలా? జీతంలేని కాపలావాడే మేలని తేల్చుకుని, కొసరుకు చేయి చాపాను.

“ఏందన్నా, ఇదేమన్న ఉల్లిగడ్డల దుకానమా, కొసరు అడుగుతున్నవ్?” అని విసుక్కుంటూనే ఇంకోటి పడేశాడు. నా తెలివిని ఇంటికొచ్చి అక్కకు గొప్పగా చెప్పుకున్నాను కూడా.

గోడ కరెంటుతో టేప్‌రికార్డర్లు నడిపే ఎలిమినేటరనే నల్లడబ్బా మీకూ గుర్తుండే ఉంటుంది. బ్యాటరీ దండగని నా పెడల్లో దానికి చోటే పెట్టలేదు, అక్క ఎలిమినేటరే దిక్కు. క్రిస్మస్ పొద్దున బావ దాన్ని యథాప్రకారం తిరగేసి తగిలించి, మోగదేమని తీగలు సవరిస్తూ కూర్చున్నాడు. డయోడు మాట తప్పలేదు, అంతా తన మీదికి లాక్కుంది. ట్రాన్సిస్టర్ బతికింది, ఎలిమినేటరే మాడువాసన కొట్టి చచ్చింది. ఈలోగా పాట మొదలైంది, బావ గిటారు ఎప్పటిలాగే టింగుటింగుమంది.

“నీ డబ్బా మంచిగనే ఉన్నది బామ్మర్దీ, ఫికర్ చెయ్యకు,” అని పైగా నన్నే ఓదార్చాడు!

అక్క ఊరుకోలేదు. “దలాలీ మిగిలింది గదరా తమ్ముడూ, దాంతోని నాకు కొత్త ఎలిమినేటర్ కొనియ్యి.” ఆ తర్వాత ఏ క్రిస్మస్‌కూ ఆ మాట మానలేదు.

ఇప్పుడొచ్చిన కొత్తరకం డయోడ్లు దారిలో కూర్చున్నా పేరుకు మాత్రమే తింటాయి. ఈ పొద్దున ఒకటి అతికించాను. ఆ పాత ట్రాన్సిస్టర్ ఇంకా బర్రుమంటోంది. ఇక ఎవరెలా తగిలించినా భయం లేదు. బావ పోయాక తిరగేసి తగిలించేవాడే ఇంట్లో లేడు. పనిచేస్తుందో లేదో చూద్దామని ప్లగ్గును నేనే ఉల్టా పెట్టబోతే, “చూసి పెట్టు బావా” అని నోటిదాకా వచ్చింది.