ఆల్ట్ పట్టుకుని ఎడమ బాణం

గజపతినగరంలో మా అప్పకి, అదే అక్కకి, మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? విజయనగరం మరిదికి కంటి ఆపరేషను కట్టు విప్పారా? భోగాపురం వదిన దగ్గు ఎలా ఉంది... ఇది చదివే మిగతావాళ్ళు, నాకు ముఖం తెలియనివాళ్ళు కూడా, ఒంట్లో బాగుందని ఒక్క ముక్క రాయండి. రాయకపోతే నాకు ఏదేదో తోస్తుంది...

మా చిన్నప్పుడు... చేపల వేటకి వెళ్ళే మనిషిని వెనక నుంచి పిలిచేవాళ్ళం కాదు. చుట్టలు మరిచినా, తలగుడ్డ మరిచినా సరే, నోరు మూసుకోవాల్సిందే. పిలుపు విని వెనక్కి తిరిగినవాడు ఆ పూట సముద్రం మీదికి వెళ్ళకూడదు. తెప్ప మీద అతను కూర్చునే చోటుని సముద్రం చూసిపెట్టుకుంటుందని మా అమ్మ చెప్పేది.

నాకప్పుడు ఏడేళ్ళు. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు... మిగతా ఇద్దరూ తెప్ప ఎక్కేశారు. మా అయ్య మోకాలి లోతు నీళ్ళలో నిలబడి తోస్తున్నాడు. ఇసుకలో చూస్తే అంబలి బుడ్డి ఉండిపోయింది. పొద్దల్లా ఆకలితో ఉంటాడేమోనని నా భయం. పుట్టినప్పటి నుంచీ నాకు భయాలెక్కువ లెండి...

"అయ్యా" అన్నాను. ఒక్కసారే. గట్టిగా కూడా కాదు.

మా అయ్య తిరిగాడు.

అలల హోరులో తెప్ప మీదివాళ్ళకి వినపడలేదు. ఆయన నీళ్ళలోంచి బయటికి వచ్చి, నా ముఖం చూడకుండా, కడుపులో నొప్పిగా ఉంది, ఇవాళ రాలేనన్నాడు. నా మీదికి మాట రాకూడదని అలా అన్నాడు. ఒడ్డున వల సర్దుతున్న మా చిన్నాన్న ఆయన చేతిలో తెడ్డు అందుకున్నాడు.

"గుంటని ఎత్తుకోని కూకో అన్నియ్యా... నానెల్తాను" అని నన్ను చూసి నవ్వాడు. చిన్నాన్నకి పెళ్ళై మూడు నెలలు. చిన్నమ్మ మా వెనకే ఇసుక దిబ్బ మీద నిలబడి చూస్తోంది.

ఆ రోజు గాలి లేదు. ఒడ్డు అలలు దాటితే సముద్రం నూనె పోసినట్టుంది. మధ్యాహ్నానికి తెప్ప వచ్చింది... ఇద్దరే దిగారు.

చిన్నాన్న వెనక చివర, మా అయ్య చోటులోనే కూర్చున్నాడట. ఏదో అడిగితే పలకలేదట. తిరిగి చూస్తే మనిషి లేడు. చప్పుడు కాలేదు. ఆయన కూర్చున్న చోట తెడ్డు ఒక్కటే ఉందట... పొడిగా.

చిన్నమ్మ పుట్టింటికి వెళ్ళిపోయింది. కూతురు అక్కడే పుట్టింది. మా అయ్య, నేను ఎవరికీ చెప్పలేదు. నా పెళ్ళయ్యేవరకూ ఆయన వేటకి వెళ్ళేటప్పుడల్లా గుమ్మంలో ఆగి నా వైపు చూసేవాడు. నేను నోటికి చేయి అడ్డం పెట్టుకునేదాన్ని. అప్పుడు కదిలేవాడు.

ఇన్నాళ్ళకి ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే...

నేను మూడో తరగతితో ఆగిపోయినదాన్ని. మా మనవరాలు లావణ్య ల్యాప్‌టాప్ నా ముందు పెట్టి కాలేజీకి వెళ్తుంది. నాకేమో చేయి వణుకు. మౌసుతో ఒకటి నొక్కబోతే ఇంకొకటి తెరుచుకుంటుంది. అందుకని పిల్ల నాకు కీబోర్డుతోనే తిరగడం నేర్పింది. కొత్త పేజీ కావాలంటే కంట్రోల్ పట్టుకుని టి. అక్షరాలు పెద్దవి కావాలంటే కంట్రోల్ పట్టుకుని ప్లస్సు. కిందికి జరగాలంటే ఆ పొడుగు బటన్. అన్నీ నేర్చుకున్నాను, ఒక్కటి తప్ప.

ఎనక్కి ఎల్లాలంటే ఆల్ట్ పట్టుకోని ఎడం బాణం నొక్కు మామ్మా అంది. ఎనక్కి పిలవకూడదే అన్నాను.

"పిలడం కాదు మామ్మా, నొక్కడం. పేజీకి సెవులుంటాయేటి?"

అయినా నొక్కలేదు. ఏది చూడాలన్నా కొత్త పేజీయే. సాయంత్రానికి ముప్పై నలభై పోగై ల్యాప్‌టాప్ కదిలేది కాదు. ఇన్ని తలుపులు తీసి ఒగ్గేస్తే దొంగలు దూరిపోతారని పిల్ల వేళాకోళం చేసేది.

పోయిన వారం, మధ్యాహ్నం... ఇంట్లో ఒక్కదాన్నే. కరెంటు పోయి ఫ్యాను ఆగింది. అక్షరాలు పెద్దవి చేద్దామని చేయి పెడితే వేళ్ళు తప్పాయి. ఒకటి ఆల్ట్ మీద, ఇంకొకటి బాణం మీద. పేజీ వెనక్కి పోయింది. వణుకుతున్న వేలు మళ్ళీ తగిలింది... ఇంకా వెనక్కి. మళ్ళీ. ఇంకా వెనక్కి.

ఒక ఫోటో దగ్గర ఆగింది.

అది నేను చూసిన గుర్తు లేదు. గుమ్మంలో ఒక ముసలావిడ. ఎవరో పిలిస్తే విన్నట్టు మెడ వెనక్కి తిప్పి నా వైపే చూస్తోంది. కింద చిన్నమ్మ కూతురి పేరు. "అమ్మ" అని ఒక్క మాట.

మళ్ళీ పిలిచేశాను... ఈసారి చిన్నమ్మని. ఆవిడకి ఏమవుతుందో... ల్యాప్‌టాప్ మూసి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని పిల్ల వచ్చేదాకా కదలలేదు.

లావణ్య వచ్చి, ఆ పేజీ నాది మామ్మా, ఎప్పుడో నేనే చూసి ఉంటానంది. నంబరు వెతికి ఫోను కలిపింది. చిన్నమ్మ అరసవల్లిలో కూతురి దగ్గర ఉంటోందట. ఆవిడే మాట్లాడింది. బతికే ఉంది. ఆ గొంతు వినగానే ఆగలేక మొత్తం చెప్పేశాను... అంబలి బుడ్డి, నా పిలుపు, మా అయ్య అబద్ధం.



"నాకు తెల్సు. నువ్వు పిలడం ఇన్నాను" అంది. "మీ సిన్నాన్న తెప్పెక్కినాక నానూ పిలిసినానే... మూడు సార్లు. తిరగనేదు."

ఆవిడా ఎవరికీ చెప్పలేదట. తన పిలుపు వల్లే పోయాడేమోనని అరవై ఏళ్ళు ఆవిడ భయం. నా వల్లేనని నా భయం. నిన్ను సూడాలే, వొచ్చి ఎల్లు అంది.

ఇప్పుడు మా వైపు పిల్లలు ఇంజను పడవల్లో సెల్లు పట్టుకుని వెళ్తున్నారు. ఒడ్డు నుంచి పదిసార్లు పిలుస్తారు, వాళ్ళు పదిసార్లు పలుకుతారు. ఆ పలికినప్పుడల్లా నా చేయి నోటి మీదికి పోతుంది... వాళ్ళకి భయమే లేదు. మంచిదేనేమో.

మీ ఇళ్ళల్లోనూ ఇలా ఎవరికీ చెప్పకుండా ఉండిపోయిన పిలుపులు ఉంటే రాయండి. నేను మెల్లగా కూడబలుక్కుని అన్నీ చదువుతాను.

అరసవల్లి సూర్యనారాయణ స్వామి గుడికి ఆదివారం జనం ఎక్కువ, నాకు గాభరా. అందుకని సోమవారం వస్తానని చిన్నమ్మకి చెప్పాను. ఈ నెల ఇరవై రెండు, పొద్దున మొదటి బస్సుకి.