పంపులో కొబ్బరినూనె

ఆ పంపులో కొబ్బరినూనె వేసింది నేనే. రేపల్లెలో మెకానిక్ సూటిగా అడిగినప్పుడు లేదన్నాను. ఆ ఒక్క మాటతో ఆయన ఏం పోగొట్టుకున్నాడో తెలిసి కూడా మూడేళ్లు నోరు మెదపలేదు.

మా బావమరిదిది బాపట్ల. సూర్యలంక వెళ్లే దారిలో కొంత స్థలం తీసుకుని పెయింట్‌బాల్ పెట్టాడు. తుపాకులతో ఒకరి మీదొకరు రంగు గోళీలు కొట్టుకునే ఆట. గోళీని తోసేది తుపాకీకి బిగించిన చిన్న సిలిండర్‌లోని గాలి. ఆట వాడిది, ఆ గాలి నింపే పని నాది. తెనాలిలో మా ఇంటి కింద కారు పెట్టుకునే చోటు ఖాళీగా ఉండడమే నేను చేసుకున్న పాపం.

గాలి నింపడమంటే ఎంతసేపు అనుకున్నాను. సిలిండర్ పట్టుకుని పంక్చర్ షాపుకి వెళ్లాను.

"ఎంత కొట్టమంటారు సార్?"

"మూడు వేలు."

అతను గొట్టం కింద పెట్టేశాడు. "లారీ టైరుకే నూట ఇరవై దాటదండి. మూడు వేలు కొడితే నేనూ మీరూ ఈ కంప్రెసరూ దుగ్గిరాల్లో తేల్తాం."

తర్వాత పెద్ద సిలిండర్ తెప్పించి, దాన్నుంచి చిన్నవాటిలోకి వదిలాను. మొదటి మూడూ నిండాయి. నాలుగోది ముప్పావు, ఐదోది సగం. పెద్దదాంట్లో గాలి ఇంకా బోలెడుంది, బయటికి మాత్రం రాదు. రెండింట్లో ఒత్తిడి సమానమయ్యాక ఇక కదలదట. ఈ సంగతి ముందు చెప్పిన మహానుభావుడు ఒక్కడూ లేడు.

ఆ పైన కరెంటు కంప్రెసర్. ఒక సిలిండర్ నింపగానే సలసల కాగిపోయేది. దాన్ని చల్లబరచడానికి బకెట్లో నీళ్లు మారుస్తూ కూర్చోవాలి. ఆ మోతకి మా ఆవిడ మేడ మీంచి కేకేసింది. "ఏవండీ, మనం పిండిమిల్లు పెట్టామనుకుని పక్కింటావిడ పప్పు తెచ్చిందండి. ఏం చెప్పమంటారు?"

చివరికి చేతిపంపు. చూడడానికి అచ్చం సైకిల్ పంపులా ఉంటుంది. కొంప ముంచింది అదే. ఒక్కో సిలిండర్‌కి వందలసార్లు కొట్టాలి. ఆఖర్లో ఒళ్లంతా దాని మీద వేసినా హ్యాండిల్ దిగదు. నెల తిరక్కుండానే లోపలి రబ్బర్లు అరిగిపోయాయి.

రేపల్లెలో రొయ్యల చెరువుల పంపులు, మోటార్లు బాగుచేసే పెద్దాయన ఉన్నాడంటే తీసుకెళ్లాను. ఆయన రబ్బర్లు మార్చి, పంపు చేతికిస్తూ చెప్పాడు. "దీనికి నూనె ఒక్క చుక్క తగలకూడదండి. ఇంత ఒత్తిడికి లోపల గాలి నిప్పులా వేడెక్కిపోద్ది. నూనె ఉంటే అక్కడే అంటుకుద్ది." నేను తలూపాను. ఆయన మళ్లీ చెప్పాడు. మళ్లీ తలూపాను.

వారం తర్వాత పంపు బిగుసుకుని కిర్రుమనడం మొదలెట్టింది. చిన్నప్పుడు సైకిల్ పంపు అలా మొరాయిస్తే మా నాన్న మూత విప్పి, తోలు వాషర్ మీద కొబ్బరినూనె వేసేవాడు. ఆ విసుగులో నా చేయి దానంతటదే తలనూనె సీసా మీదికి వెళ్లింది. నాలుగు చుక్కలు. ఎంత మెత్తగా దిగిందో! ఆ పెద్దాయన చాదస్తానికి లోలోపల నవ్వుకున్నాను కూడా.

మర్నాడు బావమరిది వచ్చి పంపు కొట్టాడు. లోపల ఠప్పుమంది. హ్యాండిల్ ఎగిరి వాడి గడ్డానికి తగిలింది. నాలుగు కుట్లు పడ్డాయి. మాడిన కొబ్బరి వాసన నాకు తెలుస్తూనే ఉంది.

"పనికిరాని రబ్బర్లేశాడు బావా ఆ ముసలోడు. పద," అని ఆ కట్టుతోనే నన్ను రేపల్లె లాక్కెళ్లాడు.

షాపు ముందు చెరువుల రైతులు అరడజను మంది కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందే నానా మాటలూ అన్నాడు. మెకానిక్ పంపు విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, నావైపు చూశాడు.

"ఇంటి దగ్గర ఏమన్నా వేశారాండి?"

"లేదండి."

"ఒక్క చుక్కన్నా?"

"లేదన్నాను కదండీ!"

విసుక్కున్నది కూడా నేనే. ఆయన పంపు మళ్లీ బిగించి నా చేతిలో పెట్టాడు.

ఆ రైతులు తమ పంపులు వేరే షాపుకి పట్టుకెళ్తున్నారని తర్వాత విన్నాను. పెద్దాయనకి చేయి తప్పుతోందని ఊళ్లో పేరు పడిందట. అది అబద్ధమని తెలిసినవాళ్లం ఇద్దరమే. ఆయన చెప్పినా నమ్మరు. నేను చెప్పలేదు. బావమరిది గడ్డం మీద మచ్చ చూసినప్పుడల్లా, ఈసారి చెబుదాం అనుకుని కాఫీ తాగి ఊరుకునేవాణ్ణి.

ఆట ఏడాదికే మూతపడింది. మొన్న బావమరిది రొయ్యల చెరువు కౌలుకి తీసుకున్నాడు. మోటారు పాడైతే, "ఆ చేతగాని ముసలోడి దగ్గరికి మాత్రం వద్దు బావా," అన్నాడు. నా మీద నాకే ఒళ్లు మండింది. "మోటారు కార్లో పెట్టు," అన్నాను.

షాపు ముందు ఇద్దరే రైతులున్నారు. పెద్దాయన మమ్మల్ని గుర్తుపట్టి కూడా, "రండి, ఏంటండి పని?" అని మామూలుగానే అడిగాడు. ఆ రోజు ఎక్కడ నిలబడి లేదన్నానో అక్కడే నిలబడ్డాను. బావమరిదికీ, ఆ ఇద్దరికీ వినబడేలా చెప్పాను.

"ఆ పంపులో నాలుగు చుక్కలు కొబ్బరినూనె వేశానండి. మీరు రెండుసార్లు వద్దని చెప్పారు. మీ రబ్బర్లు మంచివే, మీ పనీ మంచిదే. మా వాడి గడ్డం పగలడానికి కారణం నేను. మీ పేరు పోవడానికీ నేనే. తప్పయిపోయింది, క్షమించండి."