మొదటి పేరు దగ్గరే ఆగిన ప్రోగ్రాము

కువైట్‌ను ఆక్రమించిన ఇరాకీ సైనికులు సబ్హాన్‌లోని మా గోదాములో ఏసీలు, టైర్లు, చివరికి టీ కెటిల్ కూడా ఎత్తుకుపోయి, నా కంప్యూటర్‌ను మాత్రం వదిలేశారు. బొమ్మ రాని టీవీ అనుకున్నట్టున్నారు. నాకు కాస్త అవమానంగానే అనిపించింది.

మనవాళ్లను జోర్డాన్ చేర్చడానికి రెండు బస్సులు మాట్లాడిన కరీంనగర్ మేస్త్రీ, ప్రయాణికుల లిస్టు ప్రింట్ తీసిమ్మని వచ్చాడు. గంటలో ప్రోగ్రాము రాసేశాను. పాస్‌పోర్టు చేతిలో ఉంటే ఒకటో బస్సు, జిరాక్సు కాపీ మాత్రమే ఉంటే రెండోది. రెండూ లేని మనిషి ఉంటారని నా అపారమైన తెలివికి తట్టలేదు.

నడిపితే మొదటి పేరు దగ్గరే ఆగింది. బస్సు నంబరు అనే వేరియబుల్ దొరకలేదట. ఎలా దొరుకుతుంది, రెండు కాగితాలూ లేని ఆ దారిలో దానికి నేను ఏ విలువా ఇవ్వలేదు. ఆ పేరు ఎక్కడో కింద ఉండి ఉంటే, పై మనిషి నంబరే దానికీ పడేది, నా పరువు దక్కేది.

ఆ పేరు గల మనిషి నా వెనకే నిలబడి ఉంది. రాయచోటి ఆమె, సల్వాలో ఒక ఇంట్లో పని చేసేది. ఇంటి యజమానురాలిని అక్కడ మామా అంటారు.

"మామా నా పాస్‌పోర్టు బీరువాలో పెట్టి, బీగమేసుకోని సౌదీకి పోయిందన్నా" అంది.

మేస్త్రీ విసుక్కున్నాడు. "కాయితాల్లేని మనిషిని ఎక్కిస్తే చెక్‌పోస్టుల బస్సు మొత్తం ఆపుతరు. గా ఒక్క పేరు తీసెయ్, ఖలాస్."

తీసేశాను. ప్రింటర్ గరగరమంటూ లిస్టు మొత్తం కక్కింది. మహా సంబరపడ్డాను.

"నడిచిందా అన్నా?"

"నడిచింది."

"అయితే నేను ఈడనే ఉండల్లనా?"

సిగ్గుతో చచ్చిపోయాను. ప్రోగ్రాము ఆగిందన్న కోపంతో మనిషినే తీసేశాను. ఆమె పేరు మళ్లీ ఎక్కించి, షరతులన్నిటికీ పైన ఒక వరుస చేర్చాను. బస్సు నంబరు ఒకటి. కాగితాలు ఉన్నా లేకున్నా ముందు ప్రతి మనిషికీ ఒక బస్సు ఉంటుంది. మార్చాల్సినవాళ్లకు కింద మారుతుంది.

"బస్సు ఆపితే?" అన్నాడు మేస్త్రీ.

"ఆపితే నన్నూ ఆపుతారండీ. అది నా బస్సే."

కొత్త లిస్టు రాగానే, తన పేరు ఏ వరుసలో ఉందో చూపించమంది. ఆమెకు చదువు రాదు. చూపించాను. ఆ వరుస మీద వేలు పెట్టి, జోర్డాన్ సరిహద్దు దాటేదాకా తియ్యలేదు.